రోగం మడిలో ఎర్ర గింజలు

లోకంలో అందరూ చేలో తెగులు పడకూడదని కోరుకుంటారు. జాన్ సుయింగ్ మాత్రం తెగులు బాగా పడాలని కోరుకునేది, పడితేనే ఆమెకు నిద్ర పట్టేది. ఆమె ఉద్యోగమే అది మరి. కౌంటీ విత్తన కేంద్రం వెనక గోడని ఆనుకుని ఒక మడి ఉంది, దాని పేరే రోగం మడి. దాబియే కొండల చుట్టుపక్కల ఏ ఊళ్లో వేరుశనగ చచ్చినా ఆ చెట్లు పీకి గోతాల్లో కట్టి అక్కడికి పంపేవాళ్లు. సుయింగ్ వాటిని కత్తిపీటతో సన్నగా తరిగి, బానలో నానబెట్టి, ఆ నీళ్లు తెచ్చి మడికి పోసేది. చంటిపిల్లకి పాలు పట్టినంత ఓపికగా రోగాన్ని సాకేది.

వడలు తెగులు మహా దొంగది. నిన్న నిండుగా నిలబడ్డ చెట్టు ఇవాళ మధ్యాహ్నానికి తల వేలాడేస్తుంది. ఆకు పండబారదు, మచ్చ పడదు, పచ్చపచ్చగా ఉండగానే ప్రాణం పోతుంది. దాహమేమో అని రైతు నీళ్లు పెడతాడు పాపం, ఆ నీళ్లే రోగాన్ని పక్క వరసకి మోసుకుపోతాయి. పదిరోజుల్లో చేనంతా గోవిందా. దీనికి మందు లేదు, మాకు లేదు. ఉన్న దారల్లా ఆ మట్టిలోనే నిలబడి బతికే గింజని వెతికి పట్టుకోవడం ఒక్కటే.

అలాంటి గింజ సుయింగ్ దగ్గర ఉంది. ఎనిమిదేళ్లు ఒక రకానికీ ఇంకో రకానికీ పుప్పొడి అద్ది, వందల వరసలు వేసి, చచ్చినవాటిని పారేసి, బతికినవాటిని మళ్లీ అదే రోగంలోకి తోసి, చివరికి మిగిల్చుకున్న గింజ. దాని నంబరు పదిహేడు.

ఎనభై ఐదు ఏప్రిల్లో సెక్షన్ ఆఫీసరు ఫెంగ్ షౌరెన్ రోగం మడి గేటు దగ్గరికి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాడు. రావాలంటే గేటు దగ్గరున్న సున్నపు తొట్టిలో చెప్పులతో దిగి దాటాలి, పోయేటప్పుడూ అంతే. మట్టి వెంట రోగం బయటికి పోకూడదని ఆ కట్టుబాటు. సున్నంలో దిగితే తోలు బూట్లు పాడైపోవూ? అందుకే ఆ పెద్దమనిషి ఈ కేంద్రానికి ఆఫీసరుగా వచ్చిన ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ మడిలో కాలు పెట్టలేదు.

"ఏమ్మా సుయింగ్, నీ పదిహేడో నంబరు గట్టిదేనట కదా?"

"గట్టిదే సారూ. మూడేళ్లుగా వందకి తొంభై చెట్లు నిలబడుతున్నాయి."

"అయితే ఈసారి దాన్ని రోడ్డు పక్క మడిలో వెయ్యి. ఆగస్టులో పైనుంచి పెద్దలొస్తున్నారు. వాళ్లని ఈ కంపులోకి తీసుకురాలేను."

సుయింగ్ నడుం నిమిరి లేచి నిలబడింది. "ఆ మడిలో నిరుడు వరి వేశాం సారూ. నీళ్లు నిలిచిన మట్టిలో ఈ తెగులు చచ్చిపోతుంది. అక్కడ ఏ గింజ వేసినా బతుకుతుంది. పరీక్ష అవ్వాలంటే కనీసం చచ్చే రకం పక్కన వెయ్యాలి."

చచ్చే రకం అంటే షాన్‌డాంగ్ నుంచి తెప్పించిన పెద్దకాయ. రోగం మడిలో ప్రతి నాలుగో వరసా అదే. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, తెగులు వాసన తగిలితే చాలు కూలబడుతుంది. అది నూటికి నూరూ చస్తేనే ఆ ఏటి పరీక్ష పరీక్ష కింద లెక్క. అది బతికిందా, మిగతా వరసల బతుక్కి విలువ లేనట్టే.

ఫెంగ్ నవ్వాడు. "పెద్దలు చూడ్డానికి వచ్చే చోట చచ్చిన వరసలు పెట్టాలా? వాళ్లని పిలిచేది పండక్కా, చావుకా? నాకే పాఠాలు చెబుతున్నావే. నీ నోటుపుస్తకం ఇలా ఇవ్వు, రిపోర్టు నేనే రాస్తాను."

చెప్పలేదన్న మాట పడకూడదని ఒకసారి చెప్పింది. అంతే. రెండోసారి నోరు మెదిపితే ఒట్టు. పుస్తకం గేటు మీంచి అందించి, "అలాగే సారూ," అంది. అప్పుడామె కడుపులో ఏం రగిలిందో ఆ బూట్లాయనకి తెలిస్తే, ఆ పుస్తకాన్ని అక్కడే వదిలేసి పరుగెత్తి ఉండేవాడు.

ఆ రగిలేది పాతదే. పదేళ్ల నాటిది.

సుయింగ్ నాన్న జాన్ మావ్‌టింగ్ జాన్ లోయలో మెట్ట రైతు. ఊరి సంఘం వాళ్లు చేలన్నిటా కొత్త పెద్దకాయ వెయ్యమన్న ఏడు, ఆయన ఇంటి వెనక గట్టు మీద తన తాతల నాటి చిన్నకాయ కాస్త వేసుకున్నాడు. గింజ చిన్నది, తోలు మాత్రం ముదురు ఎరుపు. ఆ ఏడు వడలు తెగులొచ్చి సంఘం చేలన్నీ పచ్చగానే కూలిపోయాయి. మావ్‌టింగ్ గట్టు మీద ఎర్రగింజ చెట్లు మాత్రం చెక్కుచెదరలేదు. బుద్ధున్నవాడు ఎవడైనా ఏం చేస్తాడు? వచ్చి ఆ గింజ సంగతేంటని అడుగుతాడు. కానీ పెద్దకాయ వెయ్యమని పట్నం నుంచి వచ్చి ఒత్తిడి పెట్టిన కుర్ర ఆఫీసరు ఫెంగ్ షౌరెన్. ఆ గట్టు మీద బతికిన ప్రతి చెట్టూ అతని తప్పుకి సాక్ష్యమే. అందుకని అతను మావ్‌టింగ్ విత్తనం దాచుకున్నాడనీ, సొంత లాభం చూసుకునే దొంగ అనీ కేకలేశాడు. మెడలో దొంగ అని రాసిన పలక కట్టించి, తన సొంతూరు ఫెంగ్ గట్టు కళ్లంలో, రెండూళ్ల జనం ముందు నిలబెట్టాడు.

మూడు తట్టల ఎర్రగింజలు. కళ్లం మధ్య పొయ్యి పెట్టించి, పెద్ద మూకుట్లో ఇసుక పోయించి, అక్కడికక్కడే వేయించేశాడు. "సంఘం సొత్తు, అందరూ తినండి," అన్నాడు. ఆకలి రోజులు. జనం తిన్నారు. ఫెంగ్ ఒక గుప్పెడు తెచ్చి మావ్‌టింగ్ చేతిలో పోసి, "నువ్వూ తిను. రుచి ఎలా ఉందో చెప్పు ముసలోడా," అన్నాడు.

మావ్‌టింగ్ తిన్నాడు. తన విత్తనం తానే నమిలి మింగాడు. మింగి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు.

జనం గొల్లుమన్నారు. పద్దెనిమిదేళ్ల సుయింగ్ ఆ నవ్వుల మధ్య నిలబడి ఉంది. ఆ చలికాలమే నాన్న దగ్గి దగ్గి పోయాడు. నాన్నని అవమానించినందుకు ఫెంగ్ మీద కోపం, తిన్నందుకు ఫెంగ్ గట్టు జనం మీద కోపం, సరే. కానీ అన్నిటికన్నా ఎక్కువగా ఆమెని కోసిన మాట అదే. గొంతు మీద కత్తి పెట్టిన వాడి ముందు నాన్న జోకేశాడేంటి? ఎందుకలా పళ్లికిలించాడు? పదేళ్లుగా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి నాన్న మీద కూడా మండేది.

విత్తనం మొత్తం పోలేదు. జాన్ లోయలో ప్రతి ఇంట్లో కోత అయ్యాక కాయలతో సహా ఒక చెట్టుని పొయ్యి మీద దూలానికి వేలాడదీస్తారు, పొగకి పురుగు పట్టదని. సోదాకి వచ్చినవాళ్లు మసిపట్టిన ఆ కట్టని చూసి చితుకులనుకున్నారు. దానికి తొమ్మిది కాయలున్నాయి. పద్దెనిమిది గింజలు. ఆ పద్దెనిమిదీ పట్టుకుని సుయింగ్ విత్తన కేంద్రంలో రోజుకూలీగా చేరింది. ఆ పద్దెనిమిది గింజల వంశమే పదిహేడో నంబరు.

మూడేళ్లు తిరిగేసరికి అదే కేంద్రానికి ఫెంగ్ ఆఫీసరుగా వచ్చాడు. ఆమెని చూశాడు, పేరడిగాడు, "ఓహో జాన్ వాళ్లమ్మాయా, ఈ కౌంటీలో సగం జాన్‌లేగా," అని వెళ్లిపోయాడు. గుర్తే లేదు మహానుభావుడికి! ఎంతమందిని కళ్లాల్లో నిలబెట్టాడో, ఏ ముసలాయన మొహమని గుర్తుంటుంది?

సరే, అలాంటివాడికి నాన్న గింజ అప్పగిస్తుందా? పదిహేడు అని రాసి ఉన్న గోతంలో షాన్‌డాంగ్ పెద్దకాయ పోసి మూతి కుట్టేసింది. ఆమెతో కలిసి పనిచేసే ముసలి కూలీ షి బాబాయ్ అది చూశాడు. చూసి, చుట్ట అంటించుకుని, "నేను చూళ్లేదు," అన్నాడు.

అసలు పదిహేడు నంబరుని మాత్రం మోసుకెళ్లి జాన్ లోయలో అమ్మ చేత నాన్న గట్టు మీద వేయించింది.

ఆగస్టులో పెద్దలొచ్చారు. రోడ్డు పక్క మడి ముచ్చటగా ఉంది. పెద్దకాయ కదా, పీకిన ప్రతి చెట్టుకీ గుత్తులు గుత్తులుగా కాయలు. నిరుడు నీళ్లు నిలిచిన మట్టి, తెగులు ఆనవాలు లేదు. ఫెంగ్ ఛాతీకి ఎర్రకాగితం పువ్వు గుచ్చారు. పత్రికలో ఫొటో పడింది. రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? "మా కొండల పాత ఎర్రతోలు గింజ నుంచి ఎనిమిదేళ్లు శ్రమించి నేను తయారుచేసిన వడలని రకం" అని. ఎర్రతోలు అన్న మాట సుయింగ్ పుస్తకంలోంచి మక్కీకి మక్కీ దించాడు. తన పేరు పెట్టుకున్న కాయని ఒక్కటైనా ఒలిచి లోపల గింజ ఏ రంగో చూసుకోలేదు! సుయింగ్ ఆ పత్రిక ముక్కని కత్తిరించి, తన కొత్త నోటుపుస్తకంలో దాచుకుంది.

వచ్చే వసంతంలో ఆ విత్తనమంతా ముందుగా తన సొంతూరు ఫెంగ్ గట్టుకే పంచుతానని అతను ప్రకటించాడు. నలభై ఇళ్లు. నీళ్లెక్కని ఎర్రమెట్ట, మూడేళ్లుగా వడలు తెగులు తిష్ఠ వేసిన నేల. ఆ మాట విన్నరోజు సుయింగ్ రెండు గిన్నెల నూడుల్స్ తిని, మూడో గిన్నె అడిగింది.

"ఏంటమ్మా ఇవాళ ఇంత ఆకలి?" అన్నాడు షి బాబాయ్.

"జూలై తలుచుకుంటే ఆకలేస్తోంది బాబాయ్. జూలైలో ఆ గట్టు మీద చెట్లన్నీ పచ్చగా తల వేలాడేస్తాయి. అప్పుడు సొంతవాళ్లే వాడి మెడలో పలక కడతారు."

"వాడి మెడలో కడితే కట్టనీ. నలభై ఇళ్ల వాళ్లు ఏడాదంతా ఏం తింటారు?"

"అప్పుడు తిన్నారుగా!"

షి బాబాయ్ చుట్ట నేలకేసి నలిపాడు.

మార్చి మొదటి వారంలో ఒక ముసలమ్మ విత్తన కేంద్రానికి వచ్చింది. చేతిలో ఒక బుట్ట, అందులో ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లు, వాటి పక్కన గుడ్డలో మూటకట్టిన మట్టి. పేరు కుయ్ అవ్వ, ఊరు ఫెంగ్ గట్టు. తిన్నగా సుయింగ్ దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది.

"నువ్వు మావ్‌టింగ్ కూతురివి కదూ? దవడ అచ్చం అదే."

పదేళ్లలో ఆ కేంద్రంలో నాన్న పేరు ఎవరి నోటా రాలేదు. సుయింగ్ చేతిలో తట్ట కింద పెట్టేసింది. "అయితే ఏంటి?"

"ఏం లేదు, ఒకటి అడగాలి. ఫెంగ్ షౌరెన్ ఇస్తానంటున్న గింజని రోడ్డు పక్క మడిలో చూపించారట కదా. ఆ మడిలో అంతకు ముందేడు నేను వరి దుబ్బులు చూశాను. క్యాబేజీలు తెచ్చి అమ్మినప్పుడు చూశాను. వరి మడిలో ఏదైనా బతుకుతుంది, అది చూసి నమ్మడానికి మేం ఆఫీసర్లమా? ఇదిగో మా చేను మట్టి. నిజం చెప్పు. ఆ గింజ ఈ మట్టిలో బతుకుతుందా?"

సుయింగ్ ఎదురు అడిగింది. "ఆ రోజు కళ్లంలో నువ్వున్నావా అవ్వా?"

"ఉన్నానా ఏంటి, వేయించిందే నేను."

"ఏంటీ?"

"మూకుడు నాదే, ఇసుకా నాదే. గరిటె నా చేతిలో పెట్టారు. అప్పటికి రెండు నెలలుగా మా ఇంట్లో నూనె చుక్క లేదు. రెండు గుప్పిళ్లు తిన్నాను. చాలా బాగున్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత బాగున్న వేరుశనగ మళ్లీ తినలేదు."

అవ్వ ఏడుస్తుందేమో, కాళ్లు పట్టుకుంటుందేమో, క్షమించమంటుందేమో అనుకుంది సుయింగ్. అదేమీ లేదు. బాగున్నాయట! ఎంత ధైర్యం ఈ ముసలిదానికి!

"తప్పయిందని చెప్పడానికి రాలేదా?"

"చెబితే మీ నాన్న లేచొస్తాడా? అది నా ముద్ద, నేనే మింగాలి, మింగుతున్నాను. ఇప్పుడు విత్తనం గురించి అడుగుతున్నా. మా మనవరాలికి మూడేళ్లు. ఈసారి చేను పోతే దాన్ని వాళ్లమ్మమ్మ ఇంటికి పంపేస్తాం, అక్కడా గంజే. చెప్పవే, బతుకుతుందా?"

సుయింగ్ ఆ ముసలి కళ్లలోకి సూటిగా చూసి, "బతుకుతుంది," అంది.

కుయ్ అవ్వ ఊపిరి వదిలింది. బుట్ట అక్కడ పెట్టింది. "మావ్‌టింగ్ కూతురు చెప్పిందంటే ఇంక నాకు దిగుల్లేదు," అని, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

షి బాబాయ్ గుడ్డు ఒకటి ఒలిచాడు. "పచ్చసొన నూనె కారుతోంది. తినవా?"

"నాకొద్దు."

"ఎందుకొద్దు? బతుకుతుందని చెప్పినందుకు ఇచ్చిందిగా."

"బాబాయ్, నోరు మూసుకుని తినండి!"

మధ్యాహ్నమంతా ఆమెకి ఏ పనీ సాగలేదు. మావ్‌టింగ్ కూతురు చెప్పిందంటే, అందే ముసలిది. అంటే నాన్న మాట మీద ఇంకా నమ్మకం ఉందన్నమాట. ఆ నమ్మకాన్ని తీసుకుని తను చచ్చే గింజకి పూచీ ఇచ్చింది. పదేళ్ల కిందట పెద్దకాయ బతుకుతుందని ఊరూరా తిరిగి పూచీ ఇచ్చినవాడెవడు? ఆ పోలిక తట్టేసరికి సుయింగ్ చేతిలోని కత్తిపీటని నేలకేసి కొట్టింది.

అయినా పగ వదల్లేదు. వదిలితే ఎలా? అసలు పదిహేడు నంబరు ఇస్తే ఫెంగ్ గట్టు బతుకుతుంది, నిజమే, కానీ ఫెంగ్ కూడా బతికిపోతాడు. ఆ పచ్చని చేలు చూపించి ఇంకా పై కుర్చీ ఎక్కుతాడు. నాన్న ఎర్రగింజ మీద వాడి పేరు శాశ్వతంగా కూర్చుంటుంది. ఇవ్వకపోతే నలభై ఇళ్లు పోతాయి. రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు పొద్దున్నే పొయ్యితో వెచ్చగా ఉండే అద్దాల గదిలోకెళ్లి, కుయ్ అవ్వ తెచ్చిన మట్టిని రెండు కుండీల్లోకి పంచింది. ఒకదాంట్లో ఫెంగ్ గోతాల్లోని పెద్దకాయ గింజలు నాటింది, రెండోదాంట్లో నాన్న గింజలు. రెంటికీ రోగం బాన నీళ్లు సమంగా పోసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు షి బాబాయ్.

"కొడవలికి పదును పెడుతున్నా. నలభై మెడలకి కాదు, ఒక్క మెడకి."

ఏప్రిల్ ఇరవై. విత్తనాల వాన రోజు, ఆ కొండల్లో వేరుశనగ వేసే రోజు. ఫెంగ్ గట్టు కళ్లంలో ఎర్రగుడ్డ కట్టారు. బల్ల దగ్గర పైనుంచి వచ్చిన అధికారి ఒకాయన, పక్కన ఛాతీకి మళ్లీ ఎర్రపువ్వుతో ఫెంగ్ షౌరెన్, వెనక కాయల గోతాలు. ఫెంగ్ రిపోర్టు చదువుతున్నాడు. "మా పాత ఎర్రతోలు గింజ నుంచి..." అనే దగ్గరికి వచ్చేసరికి కళ్లం గట్టు మీద కావడి కిర్రుమంది. సుయింగ్ కావడి దించింది. ఒకవైపు తట్టలో రెండు కుండీలు, రెండోవైపు ఒక గోతం. వెనకే ఇంకో రెండు గోతాలతో షి బాబాయ్.

"సారూ, ఆ ఎర్రతోలు ఒకసారి ఊరికి చూపించండి. ఒక కాయ ఒలవండి," అంది.

"సభ జరుగుతోంది, పక్కకి తప్పుకో."

"ఒలిస్తే ఏం పోయింది?" అంది జనంలోంచి కుయ్ అవ్వ. "మేమూ చూస్తాం."

పై అధికారి కూడా సరదాపడి, "ఒలవండి ఫెంగ్, చూద్దాం," అన్నాడు. ఫెంగ్ గోతంలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి నలిపాడు. అరచేతిలో రెండు గింజలు పడ్డాయి. గులాబీ రంగు, పాలిపోయినట్టు. ఇంకోటి ఒలిచాడు. అదీ అంతే. మూడోది ఒలవకుండానే గోతంలోకి జారవిడిచాడు.

"ఎనిమిదేళ్లు పెంచారట, రంగు తెలీదా సారూ?" అంది సుయింగ్. కుండీలు ముందుకి జరిపింది. రెంటిదీ ఒకటే మట్టి, కుయ్ అవ్వ చేనుది. ఒక కుండీలో మొక్కలు తలలెత్తి ఉన్నాయి. రెండోదాంట్లో పచ్చగానే నేలకి వాలిపోయాయి. వాలిన మొక్క కాడని గోటితో తుంచి, గాజుగ్లాసులో మంచినీళ్లు పోయించి, తెగిన కొనని అందులో ముంచి పట్టుకుంది. కళ్లం అంతా మెడలు చాచింది. కాసేపటికి కాడ కొసనుంచి తెల్లటి దారం ఒకటి, పాలలాంటిది, నీళ్లలోకి మెల్లగా జారింది. మూడేళ్లుగా తమ చేలు మింగుతున్నదేంటో ఫెంగ్ గట్టు వాళ్లు కళ్లతో చూడ్డం అదే మొదటిసారి.

"ఇదీ మీకు పంచబోతున్న గింజ," అంది.

"గోతం మార్చేసింది! ఇది కుట్ర!" అని అరిచాడు ఫెంగ్.

"మార్చాను. నేనే మార్చాను, రాసుకోండి, నా ఉద్యోగం తీసెయ్యండి. ఈ అవ్వకి బతుకుతుందని అబద్ధం కూడా చెప్పాను. కానీ ఏడాదిగా ఆ గోతాలు నీ దగ్గరే ఉన్నాయి ఫెంగ్ షౌరెన్. ఒక్క కాయ ఒలిస్తే దొరికిపోయేదాన్ని. ఒలవలేదు. సున్నపు తొట్టిలో కాలు పెట్టనివాడివి, కాయ ఎందుకు ఒలుస్తావు? అయినా ఎర్రగింజ నీకు కొత్తదేం కాదే. ఇదే కళ్లంలో మూడు తట్టలు వేయించావు. జాన్ మావ్‌టింగ్ గుర్తున్నాడా?"

ఫెంగ్‌కి ఆ పేరు అప్పుడు గుర్తొచ్చింది. మొహంలో రక్తం దిగిపోవడం సుయింగ్ తనివితీరా చూసింది. పై అధికారి రిపోర్టు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఫెంగ్ కేసి చూడకుండా కుర్చీ జరుపుకున్నాడు.

సుయింగ్ గోతం మూతి విప్పింది. ఒలిచిన గింజలు, ముదురు ఎరుపు. "ఇంటికి రెండు దోసిళ్లు. ఈ ఏడు చేనులో మూల వేసుకోండి, మిగతాది చిలగడదుంప వెయ్యండి, వచ్చే ఏటికి చేనంతటికీ సరిపోతుంది. నాకేం వద్దు. కానీ చెయ్యి పట్టేముందు ఇది ఎవరి గింజో పైకి చెప్పాలి."

జనం కదల్లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజు నవ్విన నోళ్లే అవి. అందరికన్నా ముందు కుయ్ అవ్వ వచ్చి కొంగు పట్టింది. "జాన్ మావ్‌టింగ్ గింజ. నేను వేయించిన గింజ," అంది గట్టిగా. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. కొందరు గొణిగారు. గొణిగినవాళ్లని సుయింగ్ ఊరికే వదల్లేదు, "వినపడలేదు," అని మళ్లీ అనిపించింది. నలభై ఇళ్లు నలభైసార్లు ఆ పేరు పలికాయి.

చివరికి ఎవరో అన్నారు. "షౌరెన్ వాళ్లమ్మ చేను కూడా ఈ గట్టు మీదే ఉంది కదా. రారా, చెయ్యి పట్టు!" వెనకనుంచి ఇంకెవరో తోశారు. ఫెంగ్ వచ్చి నిలబడ్డాడు. ఎర్రపువ్వు గుచ్చుకున్న చొక్కాతోనే చెయ్యి చాపాడు.

"పేరు?"

"జాన్... మావ్‌టింగ్ గింజ."

"మీ అమ్మ వాటా కుయ్ అవ్వకి ఇచ్చాను, అందిస్తుంది. నీ వాటా వేరే ఉంది." సుయింగ్ జేబులోంచి ఒక పొట్లం తీసి అతని అరచేతిలో బోర్లించింది. పొద్దున్నే అమ్మ పొయ్యి మీద ఇసుకలో వేయించిన పదిహేడో నంబరు. ఒక గుప్పెడు. "నీకు విత్తనం అక్కర్లేదు. నీకు తెలిసిన పద్ధతిలోనే చేసి తెచ్చాను. తిను."

ఫెంగ్ పై అధికారి కేసి చూశాడు. ఆయన ఎటో చూస్తున్నాడు. ఫెంగ్ ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి. దవడలు కదిలాయి, కంటి కొసలు తడిశాయి. పదేళ్లుగా ఈ దవడల కదలిక కోసమే బతికింది సుయింగ్.

"రుచి ఎలా ఉంది?"

ఫెంగ్ నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక నిలబడ్డాడు.

పొట్లంలో ఒక గింజ మిగిలిపోయింది. సుయింగ్ దాన్ని వేళ్లతో తీసింది. ఇన్నేళ్లలో ఆమె ఈ గింజని ఒక్కసారి కూడా రుచి చూడలేదు. పద్దెనిమిది గింజల దగ్గర్నుంచి దొరికిన ప్రతిదీ విత్తనమే, తినడానికి మనసెలా వస్తుంది? ఇప్పుడు నోట్లో వేసుకుని కొరికింది. కమ్మగా ఉంది. మాడిన వాసన, చివర్లో కాస్త తీపి. ఇసుకలో వేయించిన గింజకి ఉప్పెక్కడ పడుతుంది?

నాన్న జోకెయ్యలేదు. పళ్లికిలించలేదు. తన గింజ రుచి ఎలా ఉందని అడిగితే, మెడలో పలకతో కూడా రైతులాగే ఆలోచించి, ఉన్నమాట చెప్పాడు. అంతమంది నవ్వారు. తనే పదేళ్లు ఆయన మీద అలిగింది.

కళ్లలో నీళ్లు తిరుగుతుంటే సుయింగ్ కుయ్ అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, మీ ఇంట్లో ఉప్పుందా?"

అవ్వ పరుగులాంటి నడకతో ఇంటికెళ్లి, గిన్నెలో ఉప్పు తెచ్చింది. సుయింగ్ చిటికెడు తీసి ఫెంగ్ అరచేతిలో మిగిలిన గింజల మీద చల్లింది.

"ఇప్పుడు సరిపోయింది," అంది. "తిను. ఒక్కటి కూడా కింద పడకూడదు."